యేసు కూడా ముందు ఏడ్చాడు: కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి కేసు

నేను నరసాపురంలో కౌన్సిలింగ్ చేస్తాను. మొదట నర్సుని, తర్వాత సైకాలజీ చదువుకుని ఇటు వచ్చాను. చుట్టుపక్కల సంఘాల నుంచి పాస్టర్లు పంపించే వాళ్లే ఎక్కువ కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది క్రైస్తవులు, నేనూ విశ్వాసినే. ఈ కేసు రాయడానికి ఆ అక్క ఒప్పుకుంది, "రాయమ్మా, నాలాటోళ్లు ఇంకా ఉంటారు కదా" అంది. కొన్ని వివరాలు మార్చాను, ఊరి పేరు, మనిషి పేరు అసలు రాయట్లేదు, అక్క అనే రాస్తాను, నేను పిలిచేదీ అలాగే.

ముందే ఒక మాట చెప్పేస్తాను, కేసు మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి. పునరుత్థానం, అంటే చచ్చిపోయినవాళ్లని దేవుడు మళ్లీ లేపుతాడు అనే మాటని ఏడుపు ఆపడానికి వాడితే మనిషి ఇంకా లోపలికి కూరుకుపోతుంది. అదే మాట పక్కన కూర్చుని ఏడవనిస్తే, దాంతోనే మనిషి లేస్తుంది. ఇన్నాళ్ల పనిలో నేను నమ్మింది ఇదే, ఈ అక్క విషయంలో అది చాలా దగ్గర్నుంచి చూశాను.

ఏం జరిగిందంటే

అక్కకి 44 ఏళ్లు. వశిష్ట గోదావరి అవతల రాజోలు వైపు, ఏటిగట్టుకి ఆనుకుని ఉన్న ఊరు. భర్త కొబ్బరి దింపు చేసేవాడు, వయసు మీద పడ్డాక చెట్టెక్కడం తగ్గించి ఎక్కువగా కాయల పీచు తీసే వలుపు పనికి పోతున్నాడు. ఇంట్లో అత్తగారు కూడా ఉంటారు. ఇద్దరు పిల్లలు, పెద్దోడు డిగ్రీ ఫస్టియర్, చిన్నది ఇంటర్. పెళ్లయిన కొత్తలో అక్క ఇంట్లో కూర్చుని లేసు అల్లేది, మా వైపు ఆడవాళ్లలో చాలామందికి చిన్నప్పుడే చేతికొచ్చేసే పని అది, మిషనరీల కాలం నుంచి ఉంది. కానీ లేసు మీద వచ్చే డబ్బు ఎంతని, ఇంటి అప్పు వడ్డీకి కూడా చాలదు, అందుకని కువైట్ వెళ్లింది ఇంటి పనికి. కోనసీమలో ఇది అందరికీ తెలిసిన కథే, ఏ వీధిలో చూసినా గల్ఫ్ డబ్బుతో వేసిన స్లాబు ఒకటి కనపడుతుంది, ఆ స్లాబు కింద అమ్మ దగ్గర లేకుండా పెరిగిన పిల్లలూ ఉంటారు.

మే నెల ఎండల్లో పెద్దోడు ఫ్రెండ్స్‌తో ఏట్లో స్నానానికి దిగాడు. వేసవిలో పైకి నీళ్లు తక్కువగానే కనపడతాయి గాని అడుగున ఎక్కడ గొయ్యి ఉందో ఎవరికీ తెలీదు. మర్నాడు దొరికాడు. పోస్టుమార్టం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది, ఆ ఎండకి ఇంక ఉంచే పరిస్థితి లేదని పెద్దలు అదే సాయంత్రం సమాధి చేసేశారు. అక్కకి అక్కడ కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పర్మిషనూ టికెట్టూ ఏదీ టైంకి అవ్వలేదు. వీడియో కాల్‌లో చూసింది. పెట్టె మూత వేసే టైంకి నెట్‌వర్క్ పోయింది. తర్వాత ఎవరో తీసిన వీడియో వాట్సాప్‌లో పంపారు, ఆ ముక్క అందులో ఉంది.

అన్నీ తెంచుకుని ఇంటికి రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. నా దగ్గరికి జనవరిలో వచ్చింది, అంటే పిల్లాడు పోయి ఎనిమిది నెలలు. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కించి భర్తే తీసుకొచ్చాడు. "ఆయ్, ఏం తినట్లేదండి. రాత్రుళ్లు పడుకోదు. సెల్లు చూసుకుంటా కూకుంటదండి" అన్నాడు, తర్వాత బయటికెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ వీడియోనే చూస్తుంది. మూత వేసే చోట ఆపుతుంది, మళ్లీ వెనక్కి లాగి చూస్తుంది. వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా సమాధుల తోటకి వెళ్లలేదు, చర్చికి రెండు మూడు ఆదివారాలు వెళ్లి మానేసింది. కూతురు ఏం వండిందో, కాలేజీకి వెళ్లిందో లేదో కూడా తెలీని స్థితి.

పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంటుంది, మొత్తం 27కి లెక్క, 20 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే తీవ్రం అంటాం. అక్కది 20 దాటింది. దాంతోపాటు దీర్ఘకాల శోకం కూడా ఉంది. పోయినవాళ్ల కోసం ఏడవడం జబ్బు కాదు, అది ముందు గట్టిగా చెప్పాలి. కానీ మనిషి అక్కడే ఇరుక్కుపోయి రోజులు గడవని స్థితిని ఇప్పుడు విడిగా గుర్తిస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం కనీసం 6 నెలలు దాటాలి, 2022లో వచ్చిన అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవాళ్లకి 12 నెలలు. అక్క ఈ రెండు గీతల మధ్యలో ఉంది. ఏ పుస్తకం గీత ఎక్కడ గీసినా ఆ మనిషిని చూస్తే ఇంకో నాలుగు నెలలు ఆగుదాం అని ఎవరూ అనరు.

వాళ్లు చెప్పిన ఓదార్పు

అక్క చర్చి ఎందుకు మానేసిందో మెల్లగా బయటికొచ్చింది. చెడ్డవాళ్లు ఎవరూ లేరు ఇందులో, అందరూ ప్రేమతోనే చెప్పారు. "దేవుడు తోటలో మంచి పువ్వునే కోసుకుంటాడమ్మా." "ఆడు మహిమలో ఉన్నాడు, నువ్వు ఏడిస్తే విశ్వాసం లేనట్టు." ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కూడా వేశారు, పిల్లాడి ఫొటో, వెనక మబ్బులు, కింద "మహిమలో ప్రవేశం" అని. అక్క వచ్చేసరికి ఆ ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోయి ఉంది, అదే వాళ్లింటి వెనక కట్టెల మీద వానకి తడవకుండా కప్పి ఉంది. చూసిందట. ఎవర్నీ ఏమీ అనలేదట, గమ్మున లోపలికి వెళ్లిపోయిందట.

ఆదరణ కూటంలో, అంటే చావు జరిగిన ఇంటివాళ్లని ఓదార్చే ప్రార్థనలో, బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం 1 థెస్సలొనీక 4:13 చదివారు. మన దగ్గర చావు ఇంటికి వెళ్లిన ప్రతి ప్రసంగీకుడూ చదివే వాక్యం. కానీ సగమే పట్టుకుంటారు, దుఃఖపడకండి అని. పౌలు రాసింది అది కాదు కదా, నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్లలాగా దుఃఖపడకండి అన్నాడు. దుఃఖం ఉంటుంది, అందులో నిరీక్షణ కూడా ఉంటుంది అని అర్థం. ఈ సగం వాక్యం వల్ల ఎంతమంది తల్లులు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నారో నాకు తెలుసు, అందుకే ఇది ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇంకో మాట కూడా అన్నారు, అది ప్రేమతో అన్నది కాదు. "డబ్బు కోసం ఎల్లిపోబట్టే కదా." ఎవరన్నారో అక్క చెప్పలేదు, నేను అడగలేదు. ఆ మాట ఎవరూ అనకముందే అక్క తనకి తను వందసార్లు అనుకుంది కాబట్టి, ఎవరు అన్నారు అనేది పెద్ద విషయం కాదు.

ప్రాణం మీదికి వచ్చిన సంగతి

కౌన్సిలర్లు, పాస్టర్లు ఈ భాగం తప్పకుండా చదవాలి.

కాసేపు మాట్లాడాక అక్క చాలా మామూలుగా అంది, "ఆడు యేసయ్య దగ్గర ఉన్నాడంటన్నారు కదమ్మా, మరి నేనూ ఎల్లిపోతే ఆడి దగ్గరికే కదా ఎల్లేది." ఏడుస్తూ అనలేదు, బస్సు టైం అడిగినట్టు అడిగింది. ఇలాంటి మాటని విశ్వాసం అనుకుని మెచ్చుకుని వదిలేసేవాళ్లు ఉంటారు. పరలోకంలో కలుసుకుంటాం అనే నమ్మకం చాలామందిని బతికిస్తుంది, కానీ తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషి చేతిలో అదే నమ్మకం చావుకి దారి చూపించవచ్చు. అందుకని తిన్నగా అడిగాను, "అక్కా, చచ్చిపోవాలని అనుకుంటున్నావా? ఎలా అని కూడా అనుకున్నావా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అలా అవ్వదు, అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అక్క తలూపింది.

ఆ రోజే భర్తని లోపలికి పిలిచి, అక్క ముందే అన్నీ మాట్లాడాం. ఒంటరిగా వదలకూడదు, ఏటిగట్టు వైపు ఒక్కర్తినీ పోనివ్వకూడదు, ఇంట్లో మందులు, పురుగుమందులు లాంటివి తాళం వేసి పెట్టాలి, రాత్రి ఎవరు పక్కన పడుకుంటారు, ఆలోచన వస్తే ముందు ఎవరికి చెప్పాలి, వాళ్లు దొరక్కపోతే ఎవరికి. అదంతా ఒక కాగితం మీద రాసి, కింద టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైను నంబరు 14416 రాశాను, 2022 నుంచి ప్రభుత్వం నడుపుతోంది, ఎప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ వారమే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను, మందు మొదలుపెట్టారు. ఈ మందులు తలనొప్పి బిళ్లలా వెంటనే పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, ఆ మధ్యలో ఇంట్లోవాళ్లు ఏం లాభం లేదని మానిపించేస్తారు, అందుకని భర్తకి అది విడిగా కూర్చోబెట్టి చెప్పాను.

సంఘం పెద్ద ఒకాయన అడిగారు, ప్రార్థన ఉండగా మందులెందుకమ్మా అని. 1 రాజులు 19 చూడండి అయ్యగారూ అన్నాను. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ఇంక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవదూత వచ్చి ఏం ప్రసంగం చేశాడు? ఏమీ చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత ఎప్పటికో. ఆయన ఇంకేం అనలేదు, మందుల ఖర్చు సంఘం నుంచి ఇప్పించారు.

అక్క అడిగినదానికి కూడా జవాబు చెప్పాలి కదా, వాయిదా వేసే ప్రశ్న కాదది. ఫిలిప్పీ మొదటి అధ్యాయంలో పౌలు కూడా ఇదే అన్నాడని చెప్పాను. వెళ్లిపోయి క్రీస్తుతో ఉండాలని ఉంది అన్నాడు, అది ఎంతో మేలు అన్నాడు, కానీ మీ కోసం నేను ఇక్కడ ఉండటం ఎక్కువ అవసరం అన్నాడు. ఆ కోరిక పాపం అని తిట్టలేదు, దాని వెనక వెళ్లిపోనూ లేదు. "నిన్ను ఎవరు ఇక్కడ ఉండమంటున్నారు అక్కా?" అని అడిగితే చాలాసేపు ఆలోచించి "చిన్నది" అంది. ఆ రోజుకి అది చాలు.

ఏ ఒళ్లు లేపుతాడమ్మా?

మందు పట్టి, నిద్ర కొంచెం కుదిరాక అసలు పని మొదలైంది. శోకం మీద పనిచేసేవాళ్లకి స్ట్రోబ్, షూట్ అనే ఇద్దరు 1999లో చెప్పిన పద్ధతి తెలిసే ఉంటుంది, దుఃఖంలో ఉన్న మనిషి పోయినదాని వైపు కాసేపు, బతకాల్సినదాని వైపు కాసేపు అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి, ఎటు ఇరుక్కున్నా కష్టమే అని. అక్క పోయినదాని వైపే ఉందనిపిస్తుంది గాని, నిజానికి అటు కూడా పూర్తిగా వెళ్లలేదు, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ వీడియోలో మూత దగ్గర ఆపేస్తున్నట్టు.

కీర్తనల్లో 88 చదివాం. ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికి ఏదో ఒక వెలుగు మాటతో ముగుస్తాయి, ఇది మాత్రం చీకట్లోనే ఆగిపోతుంది. "ఇది బైబిల్లోనే ఉందా?" అంది అక్క. ఇంకోసారి చదవమంది.

తర్వాత యోహాను 11, చచ్చిపోయిన లాజరుని యేసు లేపిన కథ. లాజరు తోబుట్టువులు మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకటే మాట అంటారు, నువ్వు ఇక్కడ ఉంటే మా సోదరుడు చచ్చిపోయేవాడు కాదు అని. మార్తకి ఆయన జవాబు చెప్పాడు, "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు. మరియ అదే మాట అంటే జవాబేమీ చెప్పలేదు, ఎక్కడ పెట్టారని మాత్రం అడిగి ఏడ్చాడు. ఇంకాసేపట్లో లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు, ఇందాక చెప్పాను కదమ్మా పునరుత్థానం నేనే అని, ఎందుకేడుస్తావ్ అనలేదు. నేను ఈ పనిలో ఉన్నంతకాలం ఈ ఒక్క చోటుని వదలను. లేపే శక్తి ఉన్నవాడే ఏడిస్తే, లేపలేని మనం ఎవరం పక్కవాళ్ల ఏడుపు ఆపడానికి?

సమాధి రాయి తీయమన్నప్పుడు మార్త అంటుంది, నాలుగు రోజులైంది ప్రభువా, వాసన వస్తుంది అని. అది చదివేసరికి అక్క ఆపమంది. ఆ రోజు బయటికొచ్చింది లోపల ఉన్నది. నీళ్లలో ఒక రాత్రంతా ఉన్న ఒళ్లు. ముఖం చూపించొద్దని ఎవరో అన్నారు కాబట్టి వీడియో కాల్‌లో కూడా దూరం నుంచే చూపించారు. కడిగి బట్టలు కట్టింది ఎవరో తెలీదు. తల్లిగా తను చెయ్యాల్సిన పని ఎవరో చేసేశారు, పిడికెడు మట్టి కూడా వెయ్యలేదు. "ఆడు ఎలా ఉన్నాడో నాకు తెలీదమ్మా. ఉబ్బిపోయి ఉంటాడు. దేవుడు లేపుతాడంటన్నారు, ఏ ఒళ్లు లేపుతాడమ్మా? ఆ ఒళ్లా?"

ఇదే ప్రశ్న 1 కొరింథీ 15లో ఉంది. చచ్చిపోయినవాళ్లు ఎలా లేస్తారు, ఎలాంటి శరీరంతో వస్తారు అని కొరింథులో కూడా ఎవరో అడిగారు. పౌలు విత్తనం గురించి చెప్తాడు, నాటేది గింజే, మొలిచి పైకొచ్చేది దేవుడు దానికిచ్చిన ఒళ్లు. మా డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, నారుమడిలో చల్లిన వడ్లు నీళ్లలో నాని, ఉబ్బి, పగిలి, చూడ్డానికి పాడైపోయినట్టే ఉంటాయి, మొలక వచ్చేది అందులోంచే. అక్క తండ్రి కౌలు రైతు. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఉబ్బితేనే మొలిచేది" అని తనలో తను అనుకుంది.

ఒళ్లు మారితే వాడు వాడేనా అనే భయం కూడా ఉంటుంది. లేచిన యేసుకి చేతుల్లో గాయాలు అలాగే ఉన్నాయి, నమ్మని శిష్యుడు తోమాకి చూపించాడు. తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, రండి తినండి అని పిలిచాడు. క్రైస్తవులం నమ్మేది ఇదీ, ఏదో గాల్లో తేలే ఆత్మ కాదు, నక్షత్రమైపోవడం కాదు, మనకి తెలిసిన మనిషే, గుర్తుపట్టగలిగిన మనిషే, దేవుడు కొత్తగా చేసిన ఒంటితో. నేను నమ్ముతున్నాను కాబట్టి నమ్ముతున్నానని చెప్పాను. ఆమె నమ్మకం అది కాకపోతే ఈ దారి తీసేదాన్ని కాదు, వేరే విశ్వాసం ఉన్నవాళ్లతో వాళ్ల దారిలోనే పనిచేస్తాను, నా నమ్మకాన్ని ఎవరి దుఃఖం మీదా రుద్దను.

అత్తగారు

ఈ కేసులో నాకంటే ఎక్కువ పని చేసింది అత్తగారు. డెబ్బై దాటినావిడ, చెవులు సరిగ్గా వినపడవు, కోడలితో పెద్దగా మాటల్లేవు. ఒకసారి ఇంటికెళ్లినప్పుడు ఆవిడ వసారాలో కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తూ, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

1996 నవంబర్ 6 తుఫాను. కోనసీమలో ఆ రాత్రి బతికున్న ఎవర్ని అడిగినా చెప్తారు, వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు పడుకునిపోయాయి, వేటకెళ్లినవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. ఈవిడ తమ్ముడు అందులో ఒకడు. బాడీ దొరకలేదు. "నీకు సమాధన్నా ఉందే కోడలా" అనలేదావిడ, అలా అంటుందేమోనని నేను భయపడ్డాను. ఆవిడ అన్నది వేరు. "ప్రతి ఈస్టరుకీ నేను సమాధుల తోట గేటు దగ్గర ఒక కొవ్వొత్తి ఎలిగిత్తాను, చూసేవుంటావు. ఆడికి లోపల చోటు లేదు కదా, అందుకని గేటు దగ్గర. సముద్రం అప్పగిత్తది అని రాసుంది. నేను చూత్తన్నాను."

ప్రకటన 20లో ఉంది ఆ మాట, సముద్రం తనలో ఉన్న మృతుల్ని అప్పగించింది అని. చదువు రాని మనిషి ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇన్నేళ్లు బతికింది, ఏడాదికి ఒక కొవ్వొత్తి. ఏడవద్దని కోడలికి ఆవిడ ఒక్కసారి కూడా చెప్పలేదు. "నేనిప్పటికీ ఏడుత్తాను" అంది. అక్క లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. వచ్చాక ఇంట్లో పని ముట్టుకోవడం నేను చూసింది అదే మొదలు.

సమాధి దగ్గర పని

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలం 40 రోజులు నడుస్తున్నాయి. ఈస్టరుకి సమాధుల తోటకి రమ్మని అందరూ బలవంతం పెడుతున్నారు. అక్కకి కాళ్లు రావట్లేదు. "నాకు ఆశ లేదమ్మా, ఆశ లేకుండా ఎల్లి ఏం చేస్తాను?" అంది.

మార్కు సువార్తలో యేసు లేచిన ఆ ఆదివారం పొద్దున్నే ఆయన సమాధికి వెళ్లిన ఆడవాళ్లు ఆశతో వెళ్లలేదు. పని మీద వెళ్లారు. శుక్రవారం హడావుడిగా పెట్టేశారు కాబట్టి ఒంటికి పూయాల్సిన సుగంధద్రవ్యాలు పూయలేదు, ఆ మిగిలిపోయిన పని చేద్దామని వెళ్లారు, దార్లో వాళ్ల బాధంతా రాయి ఎవరు పక్కకి దొర్లిస్తారు అని. లేస్తాడని ఎవరూ అనుకోలేదు. పునరుత్థానం సంగతి మొదట తెలిసింది నమ్మకం గట్టిగా ఉన్నవాళ్లకి కాదు, మిగిలిపోయిన పని చేయడానికి వచ్చినవాళ్లకి. "నీకు మిగిలిపోయిన పని ఏంటి అక్కా?" అని అడిగాను. జవాబు అప్పటికప్పుడు రాలేదు, తర్వాత చిన్నది ఫోన్ చేసి చెప్పింది, అమ్మ సున్నం తెమ్మంటుంది అని.

మా వైపు ఈస్టరు ముందు సమాధులన్నీ శుభ్రం చేసి సున్నాలు వేస్తారు. శనివారం మధ్యాహ్నం నేనూ వెళ్లాను. ఎండ మండిపోతోంది, తోటంతా జనం, గడ్డి పీకేవాళ్లు పీకుతున్నారు, శిలువల మీద పేర్లకి నల్ల రంగు వేసేవాళ్లు వేస్తున్నారు, పిల్లలు బకెట్లతో బోరింగు దగ్గర. భర్త సున్నం బకెట్టు తెచ్చాడు, నీలిమందు కలిపి. అక్క ముందు సున్నం ముట్టుకోలేదు. బిందెతో నీళ్లు తెచ్చుకుంది. తల వైపు నుంచి మొదలుపెట్టి నీళ్లు పోస్తూ చేత్తో రుద్ది కడిగింది, పక్కలు, కాళ్ల వైపు, మళ్లీ తల వైపు. ఏడాది దుమ్ము, కాకి రెట్టలు, ఎండిన బంతిపూల తొడిమలు, అన్నీ. పమిట కొంగుతో తుడిచింది. భర్త కుంచె అందించబోతే నేను ఆగమన్నట్టు చెయ్యి చూపించాను. తుడవడం అయ్యాక తనే అడిగి తీసుకుని సున్నం వేసింది. మాట్లాడలేదు. చివర్లో కూతురితో అంది, "ఇయ్యాల నీళ్లు పోశానే."

తెల్లారి ఈస్టర్ ఆరాధనకి నేను మా సంఘంలో ఉన్నాను, అక్కడ ఏం జరిగిందో చిన్నది చెప్పింది. నాలుగింటికే అందరూ తోటకి వెళ్లారు, గాలికి ఆరిపోకుండా కొవ్వొత్తులు కొబ్బరి చిప్పల్లో పెట్టారు. పాట మొదలయ్యేసరికి అక్క సమాధి మీద పడి గట్టిగా ఏడ్చింది, ఊరంతా వినపడేలాగా, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ. ఇద్దరు ముగ్గురు లేపబోయారు. పాస్టరు అయ్యగారితో నేను ముందే మాట్లాడి ఉన్నాను, ఆయన వాళ్లని ఆపారు, పాట ఆపించి అక్క ఏడుపు తగ్గేదాకా నిలబడ్డారు, అప్పుడు యోహాను 11 చదివారు, ఏ వచనమూ వదలకుండా. అత్తగారు గేటు దగ్గర తన కొవ్వొత్తి వెలిగించి, ఇంకోటి తెచ్చి మనవడి దగ్గర పెట్టింది.

తిరిగి వస్తుంటే అక్క కూతుర్ని అడిగిందట, "ఆకలేస్తందా? ఏమన్నా తిన్నావా?" ఫోన్‌లో ఆ పిల్ల ఇది చెప్పి ఏడ్చేసింది. దాదాపు ఏడాది ఆ మాట కోసం ఎదురుచూసింది. అన్న పోయాడు, అమ్మ ఉండి కూడా లేదు, తనూ ఒకర్తి ఉందని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఇలాంటి ఇళ్లలో మిగిలిన పిల్లల్ని కూడా విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి, ఆ పిల్లతో నేను మాట్లాడుతూనే ఉన్నాను, తనది ఇంకో కథ.

తర్వాత

ఈస్టరుతో అంతా బాగైపోయిందని రాయడం అబద్ధం. మేలో వాడు పోయిన రోజు వచ్చినప్పుడు అక్క మళ్లీ పడిపోయింది, అది వస్తుందని ముందే అనుకున్నాం కాబట్టి ఆ వారమంతా ఎవరు ఇంట్లో ఉండాలో, ఎక్కడికెళ్లాలో రాసుకుని పెట్టుకున్నాం. వీడియో తీసేయలేదు, కూతురి ఫోన్‌లోకి మార్చి తన ఫోన్‌లో తీసేసింది, ఆ తేడా నాకు చాలు. ఇప్పుడు వాడు చిన్నప్పుడు పంటు మీద నిలబడి తీయించుకున్న ఫొటో పెట్టుకుంది. పీహెచ్‌క్యూ-9 స్కోరు పది లోపలికి వచ్చింది, మందు డాక్టరు గారు చెప్పేదాకా ఆపొద్దని చెప్పాను. "డబ్బు కోసం ఎల్లిపోబట్టే" అనే మాట ఇంకా వదల్లేదు, దాని మీద పని నడుస్తోంది. పాపక్షమాపణ గురించి చెప్పి సరిపెట్టే విషయం కాదది, ఎందుకంటే పిల్లల కోసం పరాయి దేశంలో ఒకరింట్లో అంట్లు తోమడం పాపం కాదు, చెయ్యని పాపానికి క్షమాపణ ఇస్తే ఆ నేరం నిజమని మనం ఒప్పుకున్నట్టే.

లేసు సూది మళ్లీ పట్టింది. అప్పు ఇంకా ఉంది, కువైట్ మళ్లీ వెళ్లనని మాత్రం తేల్చి చెప్పేసింది. స్త్రీల సమాజంలో ఎవరింట్లోనన్నా చావు జరిగితే ఇప్పుడు అక్క వెళ్తుంది, వాక్యం చదవదు, ప్రార్థన చేయదు, ఆ తల్లి పక్కన కూర్చుంటుంది. కూర్చుని ఏం చెప్తావని అడిగితే "పిల్లోడి పేరు అడుగుతాను, ఎలా ఉండేవోడో చెప్పమంటాను" అంది.

ఇంక భర్త. ఈ ఏడాదిన్నరలో ఆయన ఒక్కసారీ ఏడవలేదు. ఆ రోజు ఏట్లోంచి కొడుకుని పైకి తెచ్చినవాళ్లలో ఆయన ఉన్నాడు, కడిగి బట్టలు కట్టింది ఆయనే, ఈ సంగతి ఈ మధ్యే అక్కకి చెప్పాడు, అంతకుముందు ఎవరూ ఆయన్ని అడగలేదు. వచ్చే మంగళవారం పని మానుకుని, ఒక్కడే పంటు ఎక్కి వస్తానన్నాడు.